తాపీ ఒడ్డున తెలుగు

మాలాంటి పిల్లలకు ఊరి పేరు ముందు బదిలీ ఉత్తర్వులో కనిపిస్తుంది, ఆ తర్వాతే అట్లాసులో. సూరత్ అనగానే మా ఇళ్ళల్లో పెద్దవాళ్ళు అన్న మాటలు మూడు. చీరల ఊరు. వజ్రాల ఊరు. మూడేళ్ళే కదా, ఇట్టే గడిచిపోతాయి. మొదటి రెండూ నిజమేనని వచ్చిన వారంలోనే తెలిసింది. మూడో మాట గురించి మాత్రం మేము ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాం.

మా పాఠశాలలో ఈ ఏడాది ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలం ఏడుగురం. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా ఉన్నాం. మా అమ్మానాన్నలు రైల్వేలో, బ్యాంకుల్లో, ఆదాయపు పన్ను శాఖలో, హజీరా వైపు ఉన్న ప్రభుత్వరంగ సంస్థల్లో పనిచేస్తారు. మాలో ఒకరు పుట్టింది విశాఖపట్నంలో, అక్షరాలు దిద్దింది జోధ్‌పూర్‌లో, ఎక్కాలు నేర్చింది గువాహటిలో. 'మీ ఊరేది?' అని ఎవరైనా అడిగితే అమ్మమ్మ వాళ్ళ ఊరి పేరు చెప్పేస్తాం. ఈ పత్రిక చదివే మీలో ఎవరికైనా రేపో మాపో సూరత్ బదిలీ రావచ్చు. అందుకే ఈ ఊరి గురించి మాకు తెలిసింది మీకు చెప్పాలని కూర్చున్నాం.

విజయవాడ, వరంగల్ వైపు నుంచి వచ్చేవారిలో చాలామంది ఎక్కేది చెన్నై-అహ్మదాబాద్ నవజీవన్ ఎక్స్‌ప్రెస్. అది మహారాష్ట్రలో భుసావల్, జల్‌గావ్, నందుర్‌బార్ మీదుగా గుజరాత్‌లోకి వస్తుంది. సూరత్ తాపీ నది ఒడ్డున ఉంది. మనం భూగోళంలో తపతి అని చదివే నది ఇదే. మధ్యప్రదేశ్‌లో ముల్తాయి దగ్గర పుట్టి, సూరత్ దాటాక అరేబియా సముద్రంలో కలుస్తుంది. నది పేరు తాపీయే గానీ ఈ ఊళ్ళో తాపీగా ఉండేవాళ్ళు ఒక్కరూ కనిపించరు. పొద్దున్న ఆరు గంటలకే మూటల మీద మూటలు కట్టిన టెంపోలు రింగ్ రోడ్డు మీద బారులు తీరి ఉంటాయి.

భాష గురించి భయపడకండి. హిందీ చదవడం వచ్చినవారికి గుజరాతీ అక్షరాలు నెల రోజుల్లో పట్టుబడతాయి. పైన గీత ఉండదు, అదే ముఖ్యమైన తేడా. ఆ విషయంలో గుజరాతీ మన తెలుగు లిపి లాంటిదే. అక్కడక్కడ కొన్ని తమాషాలు మాత్రం తప్పవు. గుజరాతీలో 'చప్పు' అంటే కత్తి. మాలో ఇద్దరు రిసెస్‌లో ఒకరినొకరు 'చెప్పు, చెప్పు' అని బతిమాలుకుంటుంటే పక్క బెంచీ వాళ్ళు కంగారుపడి చూశారు.

తిండికీ లోటు లేదు. 'సూరత్‌లో భోజనం, కాశీలో మరణం' అని ఇక్కడ సామెత. ఆ రెండూ దొరికినవాడు అదృష్టవంతుడని అర్థం. పొద్దున్న వేడివేడి లోచో, చలికాలంలో ఉంధియు, శరత్ పూర్ణిమ మర్నాడు చాందీ పడ్వో అనే పండగకు నేతితో చేసే ఘారీ తినాల్సిందే. చలికాలంలోనే పోంక్ వస్తుంది. లేత జొన్న కంకుల్ని నిప్పుల మీద కాల్చి, దులిపి, ఆకుపచ్చటి గింజల్ని సేవ్‌తో కలిపి తింటారు. మాలో ఒకరి నాయనమ్మ కరీంనగర్ నుంచి వచ్చినప్పుడు పోంక్ చేతిలోకి తీసుకుని, 'ఇవి ఊచబియ్యం కదా' అన్నారు. అప్పటినుంచి మాకు పోంక్ గుజరాతీ వంట కాకుండా పోయింది.

ఇక చరిత్ర. తాపీ ఒడ్డున చౌక్ బజార్‌లో ఉన్న కోటను 16వ శతాబ్దంలో గుజరాత్ సుల్తాను మూడవ మహమూద్ కాలంలో కట్టారు. పోర్చుగీసువారి దాడుల నుంచి ఊరిని కాపాడుకోవడానికి కట్టిన కోట అది. ఇప్పుడు దాన్ని బాగుచేసి మ్యూజియం చేశారు. మొఘలుల కాలంలో సూరత్ దేశంలోకెల్లా పెద్ద రేవుల్లో ఒకటి. హజ్ యాత్రకు మక్కా వెళ్ళేవారు ఇక్కడే ఓడ ఎక్కేవారు. వాళ్ళు బస చేయడానికి 1644లో షాజహాన్ కాలంలో ఒక పెద్ద సత్రం కట్టారు. దాని పేరు మొఘల్ సరాయ్. ఈనాడు సూరత్ మహానగర పాలిక ప్రధాన కార్యాలయం ఆ భవనంలోనే ఉంది. రెండు రోజులుండి పోయేవారి కోసం కట్టిన సత్రంలోంచి ఊరంతటి పాలన సాగుతోందన్నమాట. బదిలీ పిల్లలం కాబట్టి కాబోలు, ఆ సంగతి మాకు బాగా నచ్చింది.

సూరత్‌కూ మన తెలుగు నేలకూ నాలుగు వందల ఏళ్ళ కిందటే రాకపోకలున్నాయి. ఈస్టిండియా కంపెనీ సూరత్‌లో వర్తక స్థావరం పెట్టింది 1613లో. దానికి రెండేళ్ళ ముందే, 1611లో, మన మచిలీపట్నంలో పెట్టింది. అటు తూర్పు తీరాన కలంకారీ బట్టలు, ఇటు పడమటి తీరాన గుజరాత్ బట్టలు కంపెనీ ఓడలెక్కేవి. అదే శతాబ్దంలో టావెర్నియర్ అనే ఫ్రెంచి వజ్రాల వర్తకుడు సూరత్‌లో ఓడ దిగి, గోల్కొండ దాకా ప్రయాణం చేశాడు. కృష్ణ ఒడ్డున ఉన్న కొల్లూరు వజ్రాల గనిని చూసి, ఆ దారినీ ఆ గనినీ తన పుస్తకంలో వర్ణించాడు. కొల్లూరు గని ఉన్న చోటు ఇప్పుడు పులిచింతల జలాశయం కింద ఉంది. వజ్రాలు మాత్రం సూరత్‌కు వస్తూనే ఉన్నాయి. ఆఫ్రికా, రష్యా, కెనడా గనుల్లో దొరికిన రాళ్ళు ఇక్కడి వరాఛా, మహీధర్‌పురా వీధుల్లో సానపడతాయి. ప్రపంచంలో సానబట్టే వజ్రాల్లో చాలా ఎక్కువ భాగం సూరత్ చేతుల మీదుగానే వెళ్తుంది.

ఆ చేతులు ఎవరివి? వజ్రాలు సానబట్టేవారిలో ఎక్కువమంది సౌరాష్ట్రలోని అమ్రేలీ, భావనగర్ వైపు నుంచి వచ్చినవారు. మరమగ్గాల మీద పనిచేసేవారిలో ఒడిశా గంజాం జిల్లావారు చాలామంది. మహారాష్ట్ర ఖాందేశ్ నుంచి, ఉత్తరప్రదేశ్ నుంచి, బిహార్ నుంచి వచ్చినవారు పేటలకు పేటలున్నారు. 2011 లెక్కల్లో నగర జనాభా 44 లక్షలు దాటింది. అందులో మనవాళ్ళూ ఉన్నారు. వరంగల్, కరీంనగర్, నల్లగొండ జిల్లాల చేనేత కుటుంబాలు, ముఖ్యంగా పద్మశాలీలు, చేతిమగ్గం కూడు పెట్టని రోజుల్లో షోలాపూర్, భివండీ, సూరత్‌లకు వలస వచ్చారు. వాళ్ళకు ఎవరూ బదిలీ ఉత్తర్వు ఇవ్వలేదు. రైలు దిగితే సామాను తేవడానికి జీపు రాలేదు, క్వార్టర్ తాళంచెవి ఇచ్చేవారూ లేరు.

ఒక ఆదివారం మేము నలుగురం, మాలో ఒకరి నాన్నగారితో కలిసి లింబాయత్ వెళ్ళాం. సూరత్‌లో తెలుగువారు ఎక్కువగా ఉండే చోట్లలో అది ఒకటి. ఇరుకు సందుల్లో నడుస్తుంటే రెండువైపులా మరమగ్గాల టకటకలు. మాట వినపడాలంటే అరవాలి. ఆ చప్పుడు మధ్యలోంచి ఎవరో ఎవరినో 'ఓ మల్లేశా, ఛాయ్ తాగుదాం రా' అని పిలిచారు. రెండేళ్ళుగా సూరత్‌లో ఉంటున్నాం గానీ, వీధిలో తెలుగు అంత గట్టిగా వినడం అదే మొదటిసారి.

ఒక పెద్దాయన మమ్మల్ని ఇంట్లోకి పిలిచి కూర్చోబెట్టారు. సిరిసిల్ల నుంచి వచ్చారట. 'వచ్చి నలభై ఏండ్లయింది బిడ్డా. సాంచాల కాడ హిందీ, బజార్ల గుజరాతీ, ఇంట్ల తెలుగు. మూడింట్ల ఏది ఇడిసిపెట్టినా బతుకు నడువది' అన్నారు. సాంచా అంటే మరమగ్గం. సిరిసిల్లలోనూ మరమగ్గాలను సాంచాలనే అంటారు. గుజరాతీలో 'సంచో' అంటే యంత్రం. పనితో పాటు మాట కూడా రాష్ట్రాలు దాటి తిరిగిందని మాకు అప్పుడు తెలిసింది.

ఆయన మనవడు ఐదో తరగతి. సూరత్‌లోనే పుట్టాడు. వాళ్ళ నాన్న కూడా ఇక్కడే పుట్టారు. ఆ అబ్బాయి తన తెలుగు వాచకం తెచ్చి, అడగకుండానే ఒక పాఠం గడగడా చదివాడు. మాలో ముగ్గురికి తెలుగు మాట్లాడటమే వచ్చు, చదవడం రాదు. ఇద్దరికి చదవడం వచ్చుగానీ ఒత్తులు రాయడం రాదు. వాడు చదవడం ఆపి, 'మీ బడిల తెలుగు లేదా అక్కా?' అని అడిగాడు. లేదన్నాం. 'మరి ఊరి నుంచి పెండ్లి కార్డు వస్తే ఎవరు సదువుతరు?' అన్నాడు. వాళ్ళింట్లో ఆ పని వాడిదేనట. తాతగారికి చూపు ఆనదు. నాన్నకు మగ్గం దగ్గర తీరిక ఉండదు.

సూరత్ మహానగర పాలిక ప్రాథమిక పాఠశాలలు ఏడు మాధ్యమాల్లో నడుస్తాయి. గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, తెలుగు, ఇంగ్లీషు. గుజరాత్‌లోని ఒక నగర పాలిక, వలస వచ్చిన నేతపనివారి పిల్లలకు వాళ్ళ భాషలోనే చదువు చెప్పిస్తోంది. ఇది మాకు ఎవరూ చెప్పలేదు, లింబాయత్ వెళ్ళాకే తెలిసింది. అయితే అక్కడా చిక్కులున్నాయి. 'ఇప్పుడు అందరు ఇంగ్లీష్ మీడియమే కావాలంటున్నరు. ఎనకటి లెక్క తెలుగు బడికి పంపుతలేరు' అన్నారు పెద్దాయన. పిల్లలు తగ్గితే తరగతి మూతపడుతుంది. తరగతి మూతపడితే పెళ్ళి కార్డు చదివేవాడు ఉండడు. ఆయన అంత దూరం చెప్పలేదు. ఇంటికి వస్తూ మేమే లెక్క కట్టుకున్నాం.

ఆ తర్వాత సాంఘికశాస్త్రం ప్రాజెక్టు కోసం యూరప్‌లోని చిన్న భాషల గురించి చదువుతుంటే కాట్‌బుస్ అనే ఊరు ఎదురైంది. తూర్పు జర్మనీలో స్ప్రే నది ఒడ్డున లక్ష జనాభా ఉన్న నగరం అది. అక్కడ సోర్బులు అనే చిన్న జాతి వారున్నారు. వాళ్ళ భాష జర్మన్ కాదు, పోలిష్, చెక్ భాషలకు చుట్టం. హిట్లర్ కాలంలో ఆ భాషను అణచివేశారు. ఇప్పుడు అక్కడ వీధుల పేర్లు రెండు భాషల్లో రాసి ఉంటాయి. ఆ భాష నేర్పే ఉన్నత పాఠశాల ఉంది, వాళ్ళ సంస్కృతికి ఒక మ్యూజియం ఉంది. అయినా ఇంట్లో ఆ భాష మాట్లాడేవాళ్ళు తగ్గిపోతున్నారని దిగులుపడుతున్నారు. సోర్బులు ఎక్కడికీ కదలలేదు, చుట్టూ ఉన్న భాష మారింది. లింబాయత్ వారు కదిలారు, భాషను వెంట తెచ్చుకున్నారు. మనం కదులుతూనే ఉంటాం. ముగ్గురికీ ఒకటే సంగతి వర్తిస్తుందని మాకు అనిపించింది. బోర్డు మీద రాసినంత మాత్రాన భాష నిలవదు. దానితో రోజూ ఏదో ఒక పని ఉండాలి, పెళ్ళి కార్డు చదవడమంత చిన్న పనైనా సరే.

సూరత్‌లో తెలుగు చూడాలంటే దసరా ముందు రండి. భాద్రపద అమావాస్య నాడు లింబాయత్ వైపు బతుకమ్మ మొదలవుతుంది. మర్నాటి నుంచి ఊరంతా నవరాత్రుల గర్బా. అక్కడ పూలు పేర్చిన బతుకమ్మ చుట్టూ చప్పట్లు కొడుతూ తిరుగుతారు. ఇక్కడ చిల్లుల కుండలో దీపం పెట్టి, దాని చుట్టూ చప్పట్లు కొడుతూ తిరుగుతారు. తొమ్మిది రోజులు అదీ, తొమ్మిది రాత్రులు ఇదీ. మా గుజరాతీ స్నేహితురాలిని బతుకమ్మకు తీసుకెళ్తే రెండు నిమిషాల్లో అడుగు పట్టేసింది. ఇంకా నెమ్మదిగా ఆడతారేమిటని మాత్రం అడిగింది. సంక్రాంతి కూడా అంతే. మన ఇళ్ళ ముందు ముగ్గులు, పైకప్పుల మీద ఉత్తరాయణ్ గాలిపటాలు. పక్క డాబా మీంచి 'కాయ్‌పో ఛే' అని కేక వస్తే మన గాలిపటం తెగిందని అర్థం. అరిసెల డబ్బా అటు వెళ్తుంది, ఉంధియు గిన్నె ఇటు వస్తుంది.

ఇప్పుడు ఆ మూడో మాట దగ్గరికి వస్తాం. మూడేళ్ళే కదా, అని.

1994 సెప్టెంబరులో సూరత్‌లో ప్లేగు వచ్చింది. భయంతో లక్షల మంది ఊరు విడిచి వెళ్ళిపోయారు. మురికికి మారుపేరుగా సూరత్ పేరు ప్రపంచమంతా మారుమోగింది. 1995లో ఈ నగరానికి కమిషనరుగా బదిలీపై వచ్చిన ఐఏఎస్ అధికారి సూర్యదేవర రామచంద్రరావు గారు. ఎస్.ఆర్.రావు అంటే సూరత్‌లో పెద్దవాళ్ళందరికీ తెలుసు. ఆయన తెచ్చిన పద్ధతికి 'ఏసీ నుంచి డీసీకి' అని పేరు. అధికారులు ఏసీ గదులు వదిలి, డీసీకి అంటే డైలీ చోర్స్‌కి, రోజువారీ పనులకు, వీధుల్లోకి రావాలి. తానూ రోజూ వీధుల్లో తిరిగారు. రాత్రిపూట రోడ్లు ఊడ్పించారు, చెత్త పారేసినవారికి జరిమానా వేశారు, అక్రమ కట్టడాలు పడగొట్టించారు. పెద్దవాళ్ళవని వదల్లేదు. 1996లో ఇన్‌టాక్ సంస్థ చండీగఢ్ తర్వాత దేశంలో రెండో శుభ్రమైన నగరంగా సూరత్‌ను ఎంచింది. ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఇంకా చాలా ఏళ్ళకు, 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో ఇందోర్‌తో కలిసి సూరత్ మొదటి స్థానంలో నిలిచింది.

ఆయన సూరత్ కమిషనరుగా ఉన్నది మూడేళ్ళు కూడా నిండలేదు. తర్వాత ఆయనకూ బదిలీ అయింది. ఆయన వెళ్ళినా చీపురు మాత్రం ఆగలేదు. ఈ సంగతి తెలిసిన రోజున మా ఏడుగురిలో చిన్నవాడు, 'అంటే మూడేళ్ళు చాలన్నమాట' అన్నాడు.

మేము కమిషనర్లం కాము. మాకు చేతనైన పని ఒకటి చూసుకున్నాం. కేంద్రీయ విద్యాలయాల్లో తగినంతమంది పిల్లలు కోరితే మాతృభాష నేర్పే ఏర్పాటు ఉంటుంది. మా దగ్గర ఆ తగినంతమంది ఎప్పుడూ కుదరరు. నిరుడు తొమ్మిదిమందిమి ఉండేవాళ్ళం. ఏప్రిల్‌లో ముగ్గురు వెళ్ళారు, ఒకరు వచ్చారు. వచ్చే ఏడు ఎంతమందో మా చేతుల్లో లేదు. అందుకని ఒక పొడుగాటి నోటుబుక్కు కొన్నాం. శుక్రవారం మధ్యాహ్నం భోజనం అయ్యాక లైబ్రరీలో ఒక మూల కూర్చుంటాం. వచ్చినవాళ్ళు రానివాళ్ళకు అక్షరాలు చూపిస్తారు. వారానికి ఒకరు ఒక పేజీ తెలుగులో రాయాలి. ఏదైనా సరే. సూరత్ గురించి, పాత ఊరి గురించి, అమ్మమ్మ ఫోన్లో చెప్పిన కబురు గురించి. ఒత్తులు తప్పితే పక్కనే పెన్సిలుతో దిద్దుతాం, చెరపం. ఈ వ్యాసంలో చాలా భాగం ఆ నోటుబుక్కులోంచే తీసుకున్నాం.

నోటుబుక్కుకు ఒకే నియమం పెట్టుకున్నాం. బదిలీ అయి వెళ్ళేవారు దాన్ని తీసుకెళ్ళకూడదు. ఆఖరి పేజీలో పేరు, తరగతి, వెళ్తున్న ఊరు రాసి ఇక్కడే వదిలిపెట్టాలి. ఇప్పటికి ఆ పేజీలో మూడు పేర్లున్నాయి. ఒకరు భోపాల్, ఒకరు కొచ్చి, ఒకరు సికింద్రాబాద్. మాలో ఇద్దరికి ఈ ఏప్రిల్‌లో బదిలీ తప్పదని ఇంట్లో అనుకుంటున్నారు.

మీరు సూరత్ వస్తే శుక్రవారం లైబ్రరీకి రండి. తెలుగు రాకపోయినా రండి. లింబాయత్‌కు ఏ సిటీ బస్సు ఎక్కాలో, పోంక్ ఏ నెలలో దొరుకుతుందో, గర్బాకు ఏ మైదానం మంచిదో మొదటి పేజీల్లో రాసి పెట్టాం. కింద కొంచెం ఖాళీ వదిలాం. మాకు తెలియనివి మీరు రాయండి.